మే సోట్‌లో చిక్కిన తమ్ముడు ఇంటికి రావాలంటే: మూడు లక్షలు కట్టకండి, ముందు ఠాణాకు వెళ్లండి

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. దేవరకొండ దగ్గరి ఊరు మీది. మీ తమ్ముడు డిగ్రీ చేశాడు. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని టెలిగ్రామ్‌లో చూసి, ఏజెంటుకు లక్షన్నర కట్టి వెళ్లాడు. దిగిన రాత్రే కారెక్కించి ఏడెనిమిది గంటలు తిప్పి, నది దాటించి మయన్మార్‌లో దింపారు. నాలుగు నెలలు ఆన్‌లైన్ మోసాల కంపెనీలో కూర్చోబెట్టారు. అక్కడ దాడులు జరిగినప్పుడు అందరితోపాటు మళ్లీ నది దాటి థాయ్‌లాండ్ వైపు మే సోట్‌లో తేలాడు. ఇప్పుడు అక్కడి అధికారుల దగ్గర ఉన్నాడు, పాస్‌పోర్ట్ లేదు. ఒకాయన ఫోన్ చేసి 3 లక్షలిస్తే వారంలో బయటికి తెస్తానంటున్నాడు. ఇవ్వాలా, తమ్ముడి మీద కేసు పడుతుందా, ఇంటికి ఎట్లా వస్తాడు అని అడిగారు.

ముందు జవాబు: ఆ 3 లక్షలు ఇవ్వొద్దు. రేపు పొద్దున్నే మీ ఠాణాకు వెళ్లి, తమ్ముడిని పంపిన ఏజెంటు మీద ఫిర్యాదు ఇచ్చి ఎఫ్ఐఆర్ చేయించండి. ఆ కాపీ, పాస్‌పోర్ట్ జిరాక్సు కలిపి బ్యాంకాక్‌లోని మన ఎంబసీకి మెయిల్ చేయండి. తమ్ముడికి మాట్లాడే వీలుంటే ఒక్క మాట చెప్పండి: అక్కడి నుంచి పారిపోవద్దు, అడిగినప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాలి, ముఖ్యంగా తనను బలవంతంగా ఉంచారన్న సంగతి. వాడు వస్తాడు. వారంలో అని మాత్రం నేను మాటివ్వలేను.

నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను. పాతికేళ్ల నుంచి వలస కూలీల కేసులు చూస్తున్నాను. మొదట ఒక కూలీల సంఘంలో, తర్వాత న్యాయసేవల సంస్థలో పారాలీగల్ వాలంటీరుగా. ఈ థాయ్‌లాండ్, మయన్మార్ కేసులు నా దగ్గరికి రావడం ఈ మూడు నాలుగేళ్లుగానే. లాయరును కాను, ఇది గుర్తు పెట్టుకోండి.

డబ్బు ఎందుకు వద్దంటున్నానంటే, మీకు ఫోన్ చేసినాయన నంబరు మీ తమ్ముడు ఇచ్చింది కాదు కదా? మరి మీ నంబరు ఆయనకెట్లా వచ్చింది? నేను చూసిన రెండు కేసుల్లో అలా ఫోన్ చేసినవాడు మొదటి ఏజెంటు మనిషే. కల్వకుర్తి వైపు ఒక కుటుంబం ఎకరం పొలం తాకట్టు పెట్టి రెండు విడతల్లో పంపింది. పిల్లగాడు చివరికి ఎంబసీ ద్వారానే వచ్చాడు, ఆ పైసలకూ రాకకూ సంబంధం లేదు. ఇంకో భయం అంతకంటే పెద్దది. ప్రభుత్వం చేతిలో ఉన్న మనిషిని 'బయటికి తేవడం' అంటే ఎక్కడికి తేవడం? అట్లా బయటికొచ్చినవాళ్లు వేరే కంపెనీకి, కంబోడియాకో మళ్లీ మయన్మార్‌కో అమ్ముడుపోయిన సంగతులు ఉన్నాయి. ప్రస్తుతం మీ తమ్ముడికి ఆ నిర్బంధమే భద్రమైన చోటు. వినడానికి కష్టంగా ఉంటుంది, తెలుసు.

నిజంగా కట్టాల్సిన డబ్బు కొంత ఉండొచ్చు. థాయ్‌లాండ్‌లో వీసా గడువు మీరితే రోజుకు 500 బాట్ల చొప్పున, 20,000 బాట్లు దాటకుండా జరిమానా ఉంటుంది. అది కార్యాలయంలో కట్టి రసీదు తీసుకునేది. విమాన టికెట్ అడిగితే వాడి పేరున మీరే కొనండి. ఎవరి ఖాతాకూ, ఎవరి ఫోన్‌పేకూ వేయకండి. టికెట్‌కు కూడా లేదంటే ఎంబసీల దగ్గర 2009 నుంచి భారతీయ సముదాయ సంక్షేమ నిధి అని ఒకటి ఉంది, ఆపదలో చిక్కినవాళ్ల కోసమే. అడగండి, సిగ్గుపడేది లేదు.

ఇక కేసు సంగతి. ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి, మీ తమ్ముడి వ్యవహారమంతా ఇక్కడే తిరుగుతుంది.

థాయ్‌లాండ్ 1979 నాటి ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం మీ తమ్ముడు నేరం చేశాడు. మొదటిసారి టూరిస్టుగా సక్రమంగానే దిగాడు. 2023 నవంబర్ నుంచి మనవాళ్లకు అక్కడ వీసా లేకుండా దిగే వీలిచ్చారు, ఏజెంట్లకు అది పండగైంది. కానీ నది దాటి వెళ్లడం, మళ్లీ దాటి రావడం, రెండూ ముద్ర లేకుండానే. జైలు, జరిమానా రెండూ పడగలిగిన నేరమది. అదే దేశంలో 2008లో తెచ్చిన మనుషుల అక్రమ రవాణా నిరోధక చట్టం మాత్రం వేరే మాట చెబుతుంది. అక్రమ రవాణాకు గురైన మనిషి అని తేలితే, అనుమతి లేకుండా దేశంలోకి వచ్చినందుకో, ఉన్నందుకో, పని చేసినందుకో కేసు పెట్టకూడదు. పెట్టాలంటే న్యాయశాఖ మంత్రి లిఖితపూర్వకంగా అనుమతివ్వాలి. అది ఆ చట్టంలో 41వ సెక్షన్. బలవంతపు చాకిరీని 2019లో అదే చట్టంలో విడిగా చేర్చారు.

అంటే ఒకే మనిషి, ఒకే నది, ఒకే రాత్రి. ఒక కాగితం మీద దొంగతనంగా దాటినవాడు, ఇంకో కాగితం మీద బాధితుడు. ఏ కాగితం మీద పేరెక్కుతుందో తేలేది మొదటి ఇంటర్వ్యూలో.

ఇది మనకు కొత్త విషయమేం కాదు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా పాలమూరు లేబర్ ఉంటుందని పేరు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ఆలుమగల్ని తీసుకెళ్లేవాడు. ఆ అడ్వాన్సు లెక్క ఎన్నేళ్లకూ తెగేది కాదు. తట్టుకోలేక రాత్రికి రాత్రి వచ్చేస్తే, 'అడ్వాన్సు ఎగ్గొట్టి పారిపోయాడు' అని వాడి మీదే ఫిర్యాదు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద విడుదల పత్రం చేతికొచ్చాకే ఆ దొంగ బాధితుడయ్యేవాడు. ఆ పత్రం కోసం మేం అధికారి గది ముందు ఎన్ని పూటలు కూర్చున్నామో లెక్కలేదు. మీ తమ్ముడి కంపెనీ కూడా 'కాంట్రాక్టు మధ్యలో పోతే నష్టపరిహారం కట్టు' అనే ఉంటుంది. అదే అడ్వాన్సు, డాలర్లలో.

ఇంటర్వ్యూ ఎట్లా జరుగుతుందో చెప్తా. థాయ్ పోలీసులు, సాంఘిక సంక్షేమ శాఖవాళ్లు కలిసి అడుగుతారు. ప్రశ్న థాయ్‌లో, దాన్ని ఇంగ్లీషులోకి మార్చేవాళ్లు ఒకరు, మన పిల్లగాడికి వచ్చిన ఇంగ్లీషు అంతంత. నిద్ర లేదు, భయం. 'పనికోసమే వచ్చావా' అంటే 'యెస్', 'జీతం ఇచ్చారా' అంటే 'యెస్'. రెండూ అబద్ధం కాదు. కానీ ఆ రెండు యెస్‌లతో వాడు ఇష్టపడి వచ్చిన అక్రమ ఉద్యోగి అయిపోయాడు. నా దగ్గరికి వచ్చిన ఒక అచ్చంపేట అబ్బాయికి సరిగ్గా ఇదే జరిగింది. వీపు మీద వాతలున్నా చూపించలేదు. ఎందుకు చూపించలేదురా అంటే 'వాళ్లు అడగలేదు సార్' అన్నాడు.

కాబట్టి ఇవ్వాళే చేయాల్సిన పని ఒకటి. తమ్ముడితో ఫోన్ కలిసినప్పుడు వివరాలు రాసుకుని, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లతో ఒక్క పేజీ తయారు చేయించండి. ఏ తేదీన ఏ విమానం. విమానాశ్రయంలో ఎవరు ఎక్కించుకున్నారు. మయన్మార్‌కు తీసుకెళ్తున్నామని ముందు చెప్పారా లేదా. నది ఏ వేళ దాటించారు. పాస్‌పోర్ట్, ఫోన్ ఎవరు గుంజుకున్నారు. రోజుకు ఎన్ని గంటలు, టార్గెట్ ఎంత, కాకపోతే ఏం చేశారు. వెళ్లిపోతానంటే ఎంత కట్టమన్నారు. ఎట్లా బయటపడ్డాడు. కథ వద్దు, ఏడుపు వద్దు, తేదీలు కావాలి. ఆ పేజీ వాడి ఫోన్లో ఒకటి, ఎంబసీ మెయిల్లో ఒకటి ఉండాలి. వాడి దగ్గర ఫోన్ లేకపోతే ఎంబసీవాళ్లనే వాడికి చేర్చమని అడగండి.

థాయ్‌లాండ్‌లో 2022 నుంచి ఒక పద్ధతి ఉంది. బాధితుడై ఉండొచ్చని అనుమానముంటే 45 రోజుల వరకు విరామమిచ్చి, ఆశ్రయమిచ్చి, ఆ తర్వాత తేలుస్తారు. 1300 అని వాళ్ల సంక్షేమ శాఖ నంబరు ఉంది, అది అక్కడి నుంచి చేయాల్సింది. కాగితం మీద మంచి ఏర్పాటు. కానీ ఒకేసారి వందలమంది నది దాటి వచ్చినప్పుడు అందరినీ అంత తీరిగ్గా అడిగే ఓపిక ఎవరికుంటుంది? 2025 ఫిబ్రవరిలో థాయ్‌లాండ్ సరిహద్దు అవతలికి కరెంటు, ఇంటర్నెట్, డీజిల్ ఆపేశాక వేలమంది ఒక్కసారిగా బయటపడ్డారు. అప్పుడు మన ప్రభుత్వం మార్చి 10న 283 మందిని వాయుసేన విమానంలో మే సోట్ నుంచే నేరుగా తెచ్చింది, మర్నాడు ఇంకో 266 మందిని. మన తెలుగు పిల్లలూ అందులో ఉన్నారు. ఆ అక్టోబర్‌లో, మయన్మార్‌లో ఇలాంటి మోసాల కంపెనీలుండే కేకే పార్క్ మీద దాడి జరిగినప్పుడు మళ్లీ అదే వరస, నవంబర్‌లో మళ్లీ విమానాలు.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. బాధితుడిగా గుర్తింపు వస్తే ఎప్పుడూ త్వరగా రావడమే అనుకోకండి. గుర్తింపు వస్తే ఆశ్రయ గృహంలో ఉంచి సాక్ష్యం అడగొచ్చు, ఆ కేసు నడిచేదాకా రోజులు పడతాయి. గుర్తింపు లేకుండా ఇమిగ్రేషన్ దారిలో పోతే కోర్టు, జరిమానా, నిర్బంధ కేంద్రం, టికెట్, ఇల్లు. కొన్నిసార్లు ఇదే త్వరగా అయిపోతుంది. కానీ మచ్చ మిగులుతుంది. గడువు మీరి ఉండి పట్టుబడ్డవాళ్లను, మీరిన కాలం ఏడాదిలోపైతే 5 ఏళ్లు, దాటితే 10 ఏళ్లు మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టనివ్వరు. థాయ్‌లాండ్‌కు మళ్లీ పోయేదెవరు అంటారా, నిజమే. నా అభిప్రాయం అడిగితే, కొట్టిన గుర్తులు, బలవంతపు రుజువులు ఉంటే బాధితుడి దారే పట్టాలి, నెల ఆలస్యమైనా సరే. ఎందుకంటే ఇక్కడికి వచ్చాక కూడా పోలీసులు అడుగుతారు. వాడు కూర్చుని మోసం చేసిన ఫోన్లు, చాట్లు మన దేశంవాళ్లవే అయి ఉండొచ్చు. అప్పుడు అక్కడి కాగితం ఇక్కడ గొడుగవుతుంది.

ఇక ఠాణా. మీ ఫిర్యాదు తీసుకోకుండా 'ఏజెంటు హైదరాబాదువాడు, అక్కడికి పో' అంటారు. నాకు తెలిసిన ఒక తల్లిని ఇలాగే మూడు ఊళ్లు తిప్పారు, ఏ ఠాణా అని ఇక్కడ రాయను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఫిర్యాదులో 'ఉద్యోగం ఇప్పిస్తానని మోసం చేశాడు' అని మాత్రమే రాస్తే ఉత్త చీటింగ్ కేసు అవుతుంది. 'మోసంతో దేశం దాటించి, బలవంతపు పనిలో పెట్టారు, వదలడానికి డబ్బు అడిగారు' అని స్పష్టంగా రాయండి. అప్పుడు భారతీయ న్యాయ సంహిత 143, అంటే అక్రమ రవాణా, చీటింగ్‌కు 318, రిజిస్ట్రేషన్ లేకుండా విదేశాలకు మనుషుల్ని పంపినందుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం 10, 24 సెక్షన్లు అడగొచ్చు. ఏ సెక్షన్ పెట్టాలన్నది పోలీసుల పని, కానీ మీ మాటల్లో ఆ వాస్తవాలు లేకపోతే వాళ్లు మాత్రం ఎక్కడి నుంచి తెస్తారు.

అప్పటికీ తీసుకోకపోతే ఎస్పీ గారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. నల్లగొండ జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఫోన్ 15100. లాయరు ఉచితం. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ఉచిత సాయం ఎవరెవరికని చెబుతూ అక్రమ రవాణా బాధితులను, వెట్టికి గురైనవాళ్లను ఒకే మాటలో కలిపి రాసింది. మీ ఆదాయమెంత అని అడిగే పనే లేదు. హైదరాబాదుకు వెళ్లగలిగితే తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరోకూ ఒక కాపీ ఇవ్వండి. ఈ కంపెనీలకు మనుషుల్ని పంపే ఏజెంట్ల మీద వాళ్లు పనిచేస్తున్నారు. బేగంపేట ప్రజాభవన్‌లో ప్రజావాణి మంగళ, శుక్రవారాల్లో ఉంటుంది, ప్రవాసుల సమస్యలకు అక్కడ విడిగా బల్ల పెట్టారు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో కూడా ఫిర్యాదు నమోదు చేసి ఆ నంబరు రాసి పెట్టుకోండి. ప్రతి మెయిల్లో పైన ఆ నంబరు, ఎఫ్ఐఆర్ నంబరు వేయండి.

పాస్‌పోర్ట్ లేనివాళ్లకు ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. ఒకవైపు ప్రయాణానికే పనికొచ్చే కాగితం. అది ఇవ్వడానికి ముందు మనిషి భారతీయుడే అని తేల్చుకోవాలి, పాస్‌పోర్ట్ నకలు లేకపోతే విచారణకు మీ ఊరికి పోలీసు రావచ్చు. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. నారాయణపేట వైపు ఒక కేసు నెలకు పైగా కదల్లేదు. ఎంబసీని తిట్టుకున్నాం, ఢిల్లీని తిట్టుకున్నాం. తీరా చూస్తే కానిస్టేబుల్ రెండుసార్లు వచ్చి తాళం చూసి వెనక్కి పోయాడు. అమ్మానాన్నలు పుణెలో బిల్డింగు పనికి వెళ్లి ఉన్నారు! కొడుకు ఒక వలసలో చిక్కితే, వాడి గుర్తింపు ఇంకో వలసలో చిక్కింది. పక్కింటివాళ్లకు, సర్పంచ్‌కు చెప్పి పెట్టండి. పాస్‌పోర్ట్ మొదటి, చివరి పేజీలు, ఆధార్, పదో తరగతి మెమో ఒక కవర్లో సిద్ధంగా ఉంచండి.

'ప్రభుత్వం ఎందుకు ఆపలేదు, విమానాశ్రయంలో ఎవరూ అడగలేదే' అని కూడా కోపంగా రాశారు. ఆ ఏర్పాటు వేరేవాళ్ల కోసం చేసింది. పదో తరగతి పాసు కానివాళ్లు గల్ఫ్ లాంటి కొన్ని దేశాలకు పనికోసం పోతే ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలి, ఆ జాబితాలో థాయ్‌లాండ్ కూడా ఉంది. కానీ మీవాడు డిగ్రీ. పైగా టూరిస్టు. జల్లెడ సన్నగింజను పట్టడానికి పెట్టారు, చదువుకున్న గింజ పైనుంచే దొర్లిపోయింది. 2022 సెప్టెంబర్‌లోనే విదేశాంగ శాఖ థాయ్‌లాండ్ ఐటీ ఉద్యోగాల మీద హెచ్చరిక ఇచ్చింది. మన ఊళ్లకు అది చేరలేదు. జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ పోయి వచ్చినవాళ్లు వాడకట్టుకు పదిమంది ఉంటారు, ఏజెంటు కాగితం చూసి నకిలీదో కాదో చెప్పేస్తారు. మన దగ్గర ముంబై బస్సు ఎన్నింటికో తెలుసు గానీ, లైసెన్సు ఉన్న ఏజెంటు 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ మించి తీసుకోకూడదన్న సంగతి తెలియదు. మీరు లక్షన్నర కట్టారు. దెప్పడం లేదమ్మా, ఆ తేడా కూడా ఫిర్యాదులో రాయమంటున్నాను.

థాయ్ అధికారులు కర్కశంగా ఉన్నారని తమ్ముడు చెప్పాడన్నారు. ఉండొచ్చు. 2020 లాక్‌డౌన్‌లో, ఏప్రిల్, మే నెలల్లో మేం జడ్చర్ల దగ్గర 44వ జాతీయ రహదారి మీద అన్నం పొట్లాలు పంచాం. బెంగళూరు వైపు నుంచి బీహార్, జార్ఖండ్ పోయేవాళ్లు. అనుమతి లేకుండా సరిహద్దు దాటినవాళ్లే అందరూ. వాళ్లను మనవాళ్లు కొందరు కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు, కొందరు ఊళ్లోకి రావొద్దని ముళ్లకంప వేశారు. ఒకే ఊళ్లో రెండూ చూశాను. మే సోట్‌లోనూ అంతే ఉంటుంది. దొరికిన మంచి ఆఫీసరు పేరు, నంబరు తమ్ముడిని రాసుకోమనండి.

కొన్ని జాగ్రత్తలు, వరసగా కాదు, గుర్తొచ్చినట్టు. ఏజెంటుతో చేసిన చాట్లు, కట్టిన రసీదులు ఒక్కటీ తీసేయకండి, కోపంలో డిలీట్ చేస్తే రుజువులన్నీ పోతాయి. యూట్యూబ్ చానళ్లవాళ్లు వస్తే తమ్ముడు ఇల్లు చేరేదాకా మాట్లాడకండి. 'మా వాడిని మోసం చేయమని నేర్పారు' అని మీరు కెమెరా ముందు అన్న మాట రేపు ఎవరెక్కడ వాడతారో తెలియదు. ఇంకొకటి, మెల్లగా అడగాలి: వాడు అక్కడి నుంచి ఊళ్లోని స్నేహితుడెవరినైనా పిలిపించాడా? కొందరిని 'ఇద్దరిని తెస్తే నిన్ను వదులుతాం' అని బెదిరిస్తారు. అలా జరిగి ఉంటే పోలీసులకంటే ముందు లాయరుకు చెప్పండి, దాచకండి. దాచిన కేసులో నేను చూసిన గొడవ ఇక్కడ రాసేది కాదు.

వచ్చిన రోజు విమానాశ్రయంలో విచారణ ఉంటుంది, గంటలు పట్టొచ్చు. కంగారు పడి అందరూ కార్లు కట్టుకుని పోకండి, ఒక్కరు చాలు, ఎఫ్ఐఆర్ కాపీ చేతిలో ఉండాలి. ఇంటికొచ్చాక అప్పు సంగతి మొదటి వారంలో ఎత్తకండి. రాత్రులు నిద్ర పట్టకపోతే జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి, లేదా 14416కు ఫోన్ చేయించండి, అది ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఎఫ్ఐఆర్ అయ్యాక సెక్షన్లు ఏమేం పెట్టారో ఇక్కడే కింద రాయండి, చూసి చెప్తాను. తమ్ముడి పేరు, పాస్‌పోర్ట్ నంబరు, ఆ ఏజెంటు ఫోన్ నంబరు మాత్రం ఇక్కడ పెట్టకండి.